గడ్డిపరక తెగేదాకా

నా భార్య వరహాలమ్మను వాయిదా చంపింది. ఇందులో వాదన లేదు. డాక్టరు గుండె అన్నాడు, ఊళ్ళోవాళ్ళు రాత అన్నారు. వాళ్ళెవరూ ఆ రోజు వంతెన మీద లేరు. నేను ఉన్నాను.

ఆసుపత్రి నదికి అవతలి ఒడ్డున ఉంది. అది వేరే దేశం. రెండు దేశాలూ ఒకే కూటమిలో ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. సంతకు వెళ్ళినట్టు వెళ్ళి సూది వేయించుకుని వచ్చేవాళ్ళం. వరహాలమ్మ పుట్టిల్లు కూడా ఆ ఒడ్డునే. మా దేశం కూటమిలోంచి బయటికి పోదామనుకున్న రోజున వంతెనకు రెండు వైపులా గేట్లు మొలిచాయి. ఎవరూ కట్టలేదు. వాన వెలిశాక పుట్టగొడుగులు వచ్చినట్టు వచ్చాయి.

పోదామా, ఉందామా అన్నది సభలో తేలలేదు. తేలేదాకా ఆగమన్నారు. మంచాన్ని వంతెన నడిమధ్య దించి ఆగాం. సభ వాయిదా పడింది. వరహాలమ్మ పోయింది.

నడిమధ్య ఏ దేశానిదో తేలేదాకా శవాన్ని ఎటూ కదపకూడదన్నారు. అందుకని ఆమె ఇంకా అక్కడే ఉంది. పాడవలేదు. వాయిదాలో ఉన్నదేదీ పాడవదు. మా ఇంట్లో తోడేసిన పాలు తోడుకోవడం లేదు, విరగడమూ లేదు. పొయ్యి మీది అన్నం ఎంతసేపు ఉడికినా పలుకుగానే ఉంటోంది. అదే తింటున్నాను.

రోజూ వెళ్ళి ఆమెను చూసి వస్తాను. వంతెన పొడుగవుతోంది. మొదట్లో ఒక చుట్ట కాలేలోపు మంచం దగ్గరికి చేరేవాణ్ణి. ఇప్పుడు కట్ట అయిపోతోంది. కూటమి ఉన్నచోటే ఉందనీ, మా దేశమే కొంచెం కొంచెంగా జరుగుతోందనీ మా గేటు కాపలావాడు చెబుతాడు.

"అయితే వెళ్ళిపోయినట్టేనా?" అంటాను.

"జరగడం వేరు, వెళ్ళడం వేరు," అంటాడు.

అతన్ని ఏమీ అనను. జీతగాడు.

ఈ ఉదయం వీడ్కోలు శాఖ మంత్రి మా ఇంటికి వస్తాడు. కుడిచెయ్యి పైకెత్తి ఉంది. ద్వారబంధానికి తగులుతుంటే నడుం వంచి, పక్కకు తిరిగి లోపలికి వస్తాడు. సభలో ఆఖరిసారి చేతులెత్తమన్నప్పుడు ఎత్తిన చేతులు ఇంతవరకు ఎవరివీ దిగలేదు. పెళ్ళాలు అన్నం కలిపి నోట్లో పెడుతున్నారు. చొక్కాలు చంక కింద కోసి తొడుగుతున్నారు.

"ఉందామని ఎత్తావా, పోదామని ఎత్తావా?" అని అడుగుతాను.

"ఎత్తేటప్పుడు తెలుసయ్యా," అంటాడు.

పీట వేస్తాను. కూర్చుంటాడు. చెయ్యి మాత్రం నిలబడే ఉంటుంది.

"బంగారయ్యా, మీవాళ్ళలో మొగుడూ పెళ్ళాం విడిపోవాలంటే ఏం చేస్తారు?"

"పెద్దల ముందు ఒక గడ్డిపరక చెరో కొసా పట్టుకుని లాగుతారు. తెగితే తెగినట్టే."

"తెగకపోతే?"

"గడ్డిపరక తెగకపోవడమేమిటి?"

మంత్రి మొహం విచ్చుకుంటుంది. సభకు తెలిసిన దారులన్నీ అయిపోయాయట, ఇదొక్కటే మిగిలిందట. దేశం తరఫున ఒక కొస పట్టుకునే మనిషి కావాలి. "తెంచుకున్నదాన్ని మళ్ళీ అతికించుకోనివాడు ఎవడున్నాడని అడిగాను. ఊరంతా నీ ఇల్లు చూపించింది," అంటాడు.

ఊరు చాలా అబద్ధాలు చెబుతుంది. ఈ ఒక్కటి నిజమే చెప్పింది.

"పరక తెగితే నా మనిషిని లేపొచ్చా?"

"ఆ క్షణమే. నడిమధ్య ఎవరిదో తేలిపోతుంది కదా."

"అయితే పద."

వాకిట్లో గడ్డికుప్ప ఉంది. పరక లాగి చూస్తాను. పచ్చిగా ఉంది. కుప్ప వేసి ఎన్నాళ్ళయినా ఎండలేదు. తెగతెంపులకు పచ్చిపరక పనికిరాదు, పెళపెళమనేదే కావాలి. చూరుకు వెంటి వేలాడుతోంది. మోపులు కట్టడానికి వరహాలమ్మ గడ్డితో పేనిన తాడు అది. వాయిదా మొదలు కాకముందుది కనుక బాగా ఎండింది. విప్పి అందులోంచి ఒక పరక తీస్తాను. ఆమె వేసిన మెలి ఇంకా దానికి ఉంది. వేళ్ళతో సాపు చేస్తే పోవడం లేదు. పోనీలెమ్మనుకుంటాను.

వంతెన మీద నడుస్తాం. ఊరు మా వెనక నడుస్తుంది. ఇవాళ గేట్లు రెండూ నడిమధ్యకు వచ్చేసి ఉన్నాయి. మంచానికి తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి, జబ్బుమనిషిని చూడవచ్చిన చుట్టాల్లాగా నిలబడి ఉన్నాయి.

అవతలి గేటు వెనక కూటమి తరఫు మనిషి ఉన్నాడు. నా బావమరిది గవరయ్య. అన్ని దేశాల కూటమికి వేరే మనిషి దొరకలేదు. అతని చంకలో చీర ఉంది.

మా వైపు పునిస్త్రీ పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. అది కప్పకుండా లేపకూడదు. మొగుడు నోరారా రమ్మని పిలవాలి. పిలవందే వాళ్ళు గడప దాటకూడదు. గవరయ్య ఆ రోజే చీర కొన్నాడు. అది మన సరుకో పరాయి సరుకో తేలక గేటు దగ్గర ఆపేశారు. నేనూ పిలవలేదు.

ఎందుకు పిలవలేదో చెబుతాను. ఆ రోజు అతను అవతల బండి కట్టుకుని నిలబడ్డాడు. ఆ గేటు అడ్డకర్ర వెదురుది. బొటనవేలితో ఎత్తినా లేస్తుంది. ఎత్తలేదు. "కొంచెం ఓపిక పట్టు బావా, తేలిపోతుంది," అన్నాడు. ఆ మాట తర్వాత అతనికీ నాకూ మాటల్లేవు.

"వచ్చావా బావా?" అంటాడు గవరయ్య.

"కొస పట్టుకోమనండి," అని మంత్రితో అంటాను.

"పట్టుకో," అంటాడు మంత్రి.

"పట్టుకున్నాను. బావ బాగా చిక్కిపోయాడు, తింటున్నాడో లేదో అడగండి."

"పలుకన్నం తింటున్నానని చెప్పండి. ఎవరి పుణ్యమో ఆయన్నే తేల్చుకోమనండి."

"నేను మంత్రినయ్యా," అంటాడు మంత్రి. "మీ ఇంటి పెళ్ళిళ్ళ పేరయ్యను కాను. కానివ్వండి."

పరకను మంచం మీదుగా అటూ ఇటూ పట్టుకుని లాగుతాం. తెగదు. సాగుతుంది. నేను ఒక అడుగు వెనక్కి వేస్తాను, అతనూ వేస్తాడు. పరక రెండడుగులు పెరుగుతుంది. ఊరివాళ్ళు నా నడుం పట్టుకుంటారు, వాళ్ళ నడుములు వెనకవాళ్ళు పట్టుకుంటారు. అలా వరస ఒడ్డు దాటి, ఊరు దాటి, కచేరీ దాటి, రాజధాని దాకా పోతుంది. అందరూ ఒక్కసారి లాగుతారు. నా వెనక దేశం కిర్రుమంటుంది. తాటిచెట్లన్నీ ఒకేవైపు వాలతాయి. కింద నది వెడల్పవుతుంది. పెదవి నాలికతో తడుముకుంటే ఉప్పగా ఉంది.

అప్పుడు చూస్తాను. పరక మధ్యభాగం వరహాలమ్మ రెండు పిడికిళ్ళలో ఉంది.

"వదులు," అంటాను.

"చీర ఏదీ?" అంటుంది.

చనిపోయినవాళ్ళు మాట్లాడరు. ఆమె సంగతి ఇంకా తేలలేదు కనుక మాట్లాడుతుంది.

మంత్రి అవతలి గేటువాడి వైపు తిరుగుతాడు. "ఆ చీర వదిలెయ్యవయ్యా."

"పరక తెగనివ్వండి, వదులుతాను."

"ఆవిడ వదిలితేగాని పరక తెగదు."

"చీర కప్పితేగాని ఆవిడ వదలదు కదండీ," అంటాడు గేటువాడు.

అందరూ తలలూపుతారు. అతని మాటలో తప్పులేదు.

"మావా," అంటుంది వరహాలమ్మ. "ఆ కర్ర కిందనుంచి ఆడు దూరి వచ్చేస్తాడు. చిన్నప్పుడు ఎన్ని కంచెల కింద దూరాడో నాకు తెలుసు. నువ్వు రమ్మంటే చాలు."

గవరయ్య కర్ర మీద గడ్డం ఆనిస్తాడు. "బావా, ఒక్క మాట. రా అను. తర్వాత జన్మంతా మాట్లాడకపోయినా సరే. అక్క ఎండకు ఎండుతోంది."

నా నడుం పట్టుకున్న చేతులు బిగుస్తాయి. రాజధాని దాకా ఎవరూ ఊపిరి తియ్యరు. వంతెన పలక ఒకటి ఊడి కింద పడుతుంది. అది నీళ్ళను తాకిన చప్పుడు చాలాసేపటికి వస్తుంది.

"కొంచెం ఓపిక పట్టమనండి," అని మంత్రితో అంటాను.

గవరయ్య చంకలోంచి చీర జారుతుంది. మోకాళ్ళతో పట్టుకుంటాడు.

"బతికున్నప్పుడూ ఇంతే," అంటుంది వరహాలమ్మ, తమ్ముడితో చెబుతున్నట్టు. "చెప్పులు తిరగబడి ఉంటే సరిచేసుకోడు. కాళ్ళు తిప్పి తొడుక్కుంటాడు." తర్వాత నా వైపు చూస్తుంది. "మావా, మనవైపు అడ్డకర్ర దేనిదేటి?"

వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. వెదురుదే.

"అది వేరు," అంటాను.

"అవును, వేరే," అంటుంది. "నీకు దగ్గరగా ఉంది."

మరో పలక ఊడుతుంది. మంత్రి సహనం కూడా. "పిలుస్తావా, పిలవవా? నీ ఒక్కడి మూలాన దేశం నడినీళ్ళలో ఉంది. పిలుస్తానంటే చెయ్యెత్తు."

"పిలవను," అంటాను.

నా కుడిచెయ్యి లేస్తుంది. నేను ఎత్తలేదు. దించబోతే దిగదు. దాన్ని లాగడానికి ఎడమచెయ్యి పెడతాను. అదీ లేచిపోతుంది. పరక కొస వేళ్ళ మధ్యనుంచి జారుతుంటే తల చాచి పళ్ళతో పట్టుకుంటాను.

"బంగారయ్య గడ్డి కరిచాడ్రోయ్!" అని వెనక ఎవడో అరుస్తాడు. ఆ మాట నోటి నుంచి నోటికి రాజధాని దాకా పోతుంది. ఓడినవాడు గడ్డి కరుస్తాడు. నేను ఓడలేదు. నా చేతులు ఖాళీ లేవు.

పలకలు ఒకదాని వెనక ఒకటి రాలుతాయి. రెండు గేట్లూ కాళ్ళు ముడుచుకుని చెరో ఒడ్డుకూ పోతాయి. మంచం కోళ్ళు పైకి పెట్టి నీళ్ళలోకి పోతుంది. వరహాలమ్మ పడదు. పిట్ట తీగ మీద కూర్చున్నట్టు పరక మీద కూర్చుంటుంది. నా కాళ్ళ కింద ఉన్నది వంతెన కాదు, మా దేశపు అంచు. అది కదులుతోంది. జరుగుతోందో వెళుతోందో కాపలావాణ్ణి అడగడానికి నోరు ఖాళీ లేదు.

అవతలి ఒడ్డు మడిచిన పంచె అంత అవుతుంది. దాని మీద గవరయ్య ఉన్నాడు. అతని చేతులు కూడా లేచి ఉన్నాయి, పరక అతని పళ్ళ మధ్యా ఉంది. లేచిన చేతులకు చీర చెరో చెంగూ చిక్కుకుని విప్పారి ఉంది. గాలికి నిండుతుంది. అది ఆమె దాకా రాదు. పొద్దు అతని వెనక ఉంది కనుక చీర నీడ మాత్రం నీళ్ళ మీద పాకుతూ వస్తుంది. గేటువాళ్ళు దాన్ని ఆపరు. నీడ సరుకు కాదు. వరహాలమ్మ వంగి, దాని అంచు దొరకబుచ్చుకుని, తడి పిండి, భుజం మీదికి లాక్కుంటుంది. ఎర్రంచు. ఆమెకు నప్పుతుంది.

"తేలిందా?" అని మంత్రి నా వెనకనుంచి అడుగుతాడు.

కప్పుకున్నది నీడే కనుక ఆమె ఒక చెయ్యే వదులుతుంది. ఆ చేత్తో పరకను తొడ మీద వేసుకుని పేనడం మొదలుపెడుతుంది. పేనేకొద్దీ పరక కావాలి. అటునుంచి ఒక మూర లాగుతుంది, ఇటునుంచి ఒక మూర. నా గొంతులోంచి గడ్డి వస్తోంది. ముందు ఎండుది, తర్వాత పచ్చిది, ఆ తర్వాత కంకులతో. వడ్లు నాలిక మీద రాలుతున్నాయి. ఆమె తల ఎత్తకుండా పేనుతోంది. తాడు చివర ఆమె ఒడిలోంచి సముద్రంలోకి దిగి ఎటో పోతోంది. దేన్ని కట్టడానికో చెప్పదు.

నోరు తెరిస్తే ఆమె పడిపోతుంది. ఈ సంగతి ఇంకెప్పుడూ ఎవరితోనూ మాట్లాడను.