పదకొండు రోజుల ఆకాశం

పెరుగు గిన్నె మీద మూత లేదని ఆ శుక్రవారం పొద్దున్నే మొదలైంది. కిటికీ సందుల్లోంచి ఇసుక పొడి వస్తుందని తెలిసి కూడా ఇంత నిర్లక్ష్యమా అన్నారు మా ఆయన భీమరాజు. "అసలేముందే నీకు పని, పొద్దస్తమానం ఆ ఫొటోల మీద పడుండటం తప్ప?" ఆ ఫొటోలు ఆయన ఆఫీసువి. ఆయనకి జీతం వచ్చేది వాటికే. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ మింగి, మూత వెతికి పెట్టాను. సోఫాలో కూర్చున్న అత్తగారు సూర్యావతి నవ్వారు. "పోన్లేరా అబ్బాయ్, డిగ్రీ చదివినమ్మాయికి వంటింటి ధ్యాస ఎక్కడుంటుంది?" ఆవిడ నవ్వుతూ అన్న మాటలే నాకు ఎక్కువ రోజులు గుర్తుంటాయి.

మాది అరబ్బు దేశంలో, మనామాలో ఉమ్మ్ అల్ హస్సామ్ పేట. ఆయన పనిచేసేది కొలత పరికరాలు బాగుచేసే చిన్న కంపెనీలో. తొంభై ఆరులో ఆ కంపెనీకి యూరప్ నుంచి ఒక పని వచ్చింది. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, మనుషులెవరూ లేని కొండ మీద పెద్ద టెలిస్కోపు కట్టవచ్చా లేదా అని అక్కడి శాస్త్రవేత్తలు పరీక్షిస్తున్నారు. చలికాలమంతా సూర్యుడు కనిపించని చోటు అది. కొండ మీద పెట్టి వచ్చిన కెమెరా గాజు మూత కింద నుంచి గంటకో ఫొటో దానంతటదే తీస్తుంది. ఆ ఫొటోల్ని భూతద్దంతో చూసి, ఆకాశాన్ని ఎనిమిది భాగాలనుకుని, ఎన్ని భాగాల్లో మబ్బుందో రాయాలి. ఒకే ఫొటోని ఇద్దరు మనుషులు, ఒకరు రాసింది ఒకరు చూడకుండా చదవాలన్నది వాళ్ల నియమం. ఫారంలో రెండు గడులు, రెండు పేర్లు.

మొదటి పెట్టె ఇంటికి తెచ్చినప్పుడు, "నువ్వు ఫిజిక్సే కదా నాగేశ్వరీ, సరదాగా చూడు" అన్నారు. ఆ సరదా మూడు వేల ఫొటోలయింది. పొద్దున ఆరింటికి మా అమ్మాయి స్వర్ణ ఈసా టౌన్ స్కూలు బస్సెక్కుతుంది. పదింటికల్లా వంట ముగించి, ఎండ పడకుండా కర్టెన్లు లాగి, భోజనాల బల్ల మీద ఫొటోలు పరుచుకునేదాన్ని. బయట నలభై ఐదు డిగ్రీల జూన్. నా చేతి ఫొటోల్లో మాత్రం, నీళ్లు పోస్తే నేల తాకేలోపు గడ్డకట్టే చోటు. ఏ మూల శిఖరం నల్లగా పొడుచుకొస్తుందో, మబ్బు ఏ వైపు నుంచి కమ్ముతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. పెళ్లయిన పన్నెండేళ్లలో ఎవరూ నన్ను మంచినీళ్లు అడగని చోటు ఆ కొండ ఒక్కటే.

సాయంత్రం ఆయన నా కాగితాలు తీసుకుని మొదటి గడిలో తన పేరుతో ఎక్కించుకునేవారు. రెండో గడిలోకీ నా అంకెలే. పది ఫొటోలకొకటి అటూ ఇటూ మార్చేవారు. "మరీ ఒకేలా ఉంటే అనుమానమొస్తుంది," అని నాకే వివరించారు. ఆ గడి కింద ఆఫీసులో ఆయన తోటి ఉద్యోగి మంగరాజు గారు చూడకుండా సంతకం పెట్టేవారు. ఏప్రిల్లో ఆ శాస్త్రవేత్తల పెద్దాయన, భీమరాజు గారి చూపు చాలా నిలకడైనదని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. మా ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివారు. అత్తగారు కొడుక్కి దిష్టి తీశారు. ఉప్పు, మిరపకాయలు అందించింది నేనే.

ఆ శుక్రవారానికి ముందు బుధవారం నాడు జనవరి ఫొటోలు రెండు పక్కపక్కన పడ్డాయి. గంట తేడా. రెండూ తేట ఆకాశమని నేనే సున్నాలు వేశాను. కానీ గంటలో నక్షత్రాలు ధ్రువం చుట్టూ కొంత తిరగాలి. ఇవి తిరగలేదు. ట్రేసింగ్ కాగితం తెచ్చి ఒకదాని మీద చుక్కలు పెట్టి రెండో దానిమీద వేశాను. ఒక్కటి కూడా జరగలేదు. అవి నక్షత్రాలు కావు. గాజు మూత మీద పేరుకుని చంద్రుడి వెలుగులో మెరిసిన మంచు రేణువులు. పౌర్ణమి చుట్టూ అక్కడ చంద్రుడు అస్తమించడు. అలా పదకొండు రోజులు. వెనక మబ్బుందో లేదో ఎవరికీ తెలియని పదకొండు రోజుల్ని, ఆ చలికాలంలోకెల్లా మంచి రోజులని రాశాను. రెండో మనిషి నిజంగా చూసి ఉంటే పట్టుకునేవాడేమో.

ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన చెప్పులు విప్పుతూ విన్నారు.

"రిపోర్టు టైపయిపోయింది. ఆ పదకొండు రోజుల వల్లే కదా వాళ్లకి ఆ కొండ నచ్చింది."

"అందుకే చెప్తున్నానండి. లేని ఆకాశాన్ని నమ్మి అక్కడ కట్టేస్తారు."

"కట్టనీ. నీ సొమ్మేం పోయింది?" అని చెప్పులు గూట్లోకి తోసి, "నీ కళ్లని నమ్ముకున్నాను చూడు, నాకు బుద్ధి లేదు," అన్నారు.

రెండు రోజులు ఆ మాటే నాతో తిరిగింది. అంట్లు తోముతున్నా, స్వర్ణకి జడ వేస్తున్నా. మెప్పు వచ్చినప్పుడు ఆ కళ్లు ఆయనవి. తప్పు బయటపడగానే నావయ్యాయి. నాకు ఏడుపు రాలేదు. ఆ కళ్లు నావేనని ఈ ఇంట్లో మొదటిసారి ఎవరో ఒప్పుకున్నారు, అంతే.

శుక్రవారం మధ్యాహ్నం ఫొటోలు మంచం మీదికి మార్చి కంచాలు పెట్టాను. హమూరు చేప పులుసు. అందరికీ వడ్డించి, నేనూ కూర్చున్నాను. వాళ్లు తింటుండగా నేను కూర్చోవడం మా ఇంట్లో అలవాటు లేదు. అత్తగారు ఒకసారి నావైపు చూశారు.

"ఆ పెద్దాయనకి ఉత్తరం రాశాను," అన్నాను. "రేపు స్వర్ణ బస్సెక్కాక ఫ్యాక్స్ చేస్తాను."

"ఏమని?" అన్నారు ఆయన.

"పదకొండు రోజులు తప్పు చదివానని. ఏయే ఫొటోలో, ఎలా తెలిసిందో అన్నీ."

"పిచ్చెక్కిందా నీకు? మన పూచీ తీసుకున్న కఫీల్ వీసా రద్దు చేయించేస్తాడు. నెల తిరక్కుండా నలుగురం మూటలు సర్దుకోవాలి."

"తెలుసు."

స్వర్ణ ముల్లు ఏరడం ఆపి నావైపు, వాళ్ల నాన్నవైపు చూసింది.

"తప్పు నీదైతే వాణ్ణెందుకు బజారుకీడుస్తావమ్మాయ్?" అన్నారు అత్తగారు. ఈసారి ఆవిడ నవ్వలేదు.

"ఈడ్వలేదత్తయ్యా. తప్పు నాదేనని రాశాను. అందుకే దాంతో పంపే ఫారంలో చదివిన మనిషి పేరు కూడా నాదే రాశాను."

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "మరి రెండో గడి?"

"ఖాళీగా ఉంచాను," అన్నాను. "అక్కడ ఎవరూ లేరు కదా."