రత్నం పేరు పక్కన ఇంటూ

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన రెండేళ్ళకు జరిగిన మాట. మార్కాపురంలో పలకల షెడ్డుకు పొద్దున్నే పనికి పోయే ఆడవాళ్ళలో సుబ్బులు ఒకతె. నీళ్ళు చల్లి పలకల్ని నున్నగా రుద్దడం తక్కినవాళ్ళ పని. సుబ్బులు పని వేరు. రుద్దిన పలకను వెలుగుకెత్తి చూడాలి, వేలితో తట్టి వినాలి. లోపల బీట ఉంటే మోత మందంగా వస్తుంది. అలాంటి పలక మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు గీసి వెనక గుట్టలో పారేయాలి. ఇంటూ పడిన పలకను మళ్ళీ ఎవరూ చేతిలోకి తీసుకోరు.

"మా సుబ్బులు ఇంటూ పెడితే ఇంక జడ్జీకి చెప్పుకున్నా లాభం లేదు," అని మేస్త్రీ గఫార్ సాయిబు నవ్వేవాడు.

సుబ్బులు చదువు మూడో తరగతితో ఆగిపోయింది. తమ్ముడు పుట్టాడని మాన్పించారు. అందుకే కూతురు కోటిరత్నం ఆరో తరగతిలో, బోర్డు మిడిల్ స్కూల్లో చేరిన రోజు నుంచి ఆమెకు లోపల ఒకటే దడ. ఎవరు ఎప్పుడు ఏ వంక పెట్టి మాన్పిస్తారో అని. వంక రానే వచ్చింది. గిద్దలూరులో ఆడబిడ్డ రామతులసి ప్రసవించింది. ఆ ఇంట్లో పెద్ద దిక్కు లేదు.

"రత్నాన్ని పంపియ్యే. పసిబిడ్డను ఎత్తుకునేదానికి ఒక మనిషి గావాల," అంది అత్త పుల్లమ్మ.

"పరీక్షలు గానీ అత్తా. దానికి మార్కులు బాగ వస్తే ఎట్ల పంపుతాం?"

"రాకపోతే?"

"రాకపోతే నువ్వు చెప్పినట్టే."

ఆ మాట ఎందుకు అన్నానా అని సుబ్బులు తర్వాత చాలాసార్లు అనుకుంది.

క్వార్టర్లీ పరీక్షలయిన వారానికి, రత్నం మర్చిపోయిన సద్దిగిన్నె తీసుకుని సుబ్బులు బడికి వెళ్ళింది. ఆరో తరగతి బయట, వరండా గోడకు పెద్ద కాగితం అంటించి ఉంది. జిగురు ఇంకా ఆరలేదు. నిలువునా పిల్లల పేర్లు, అడ్డంగా ప్రశ్నల నంబర్లు, గడుల నిండా టిక్కులు, సున్నాలు. సుబ్బులు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కిందికి చదివింది. పి. కోటిరత్నం. ఆ పేరు పక్కన ఎర్ర సిరాతో ఇంటూ.

ఇంకెవరి పేరు పక్కన ఏముందో ఆమె చూడలేదు. లోపల లెక్కల అయివారు రంగనాయకులు పాఠం చెబుతూ గుమ్మం వైపు చూశాడు.

"ఏమ్మా, ఎవరు గావాల?"

అడగాలనే అనుకుంది. చేతులకు పలకల దుమ్ము, చీరకు తడి. లోపల అంతమంది పిల్లలు తననే చూస్తున్నారు. అందరి ముందు రత్నాన్ని పనికిరానిదని అంటాడేమో.

"ఏం లేదు అయివారూ, గిన్నె ఇచ్చిపోదామని."

గిన్నె గడప దగ్గర పెట్టి వచ్చేసింది.

సాయంత్రం రత్నం ఎగురుకుంటూ ఇంటికి వచ్చింది. "అమ్మా, అయివారు రేపు మార్కులు చెప్తాడంట!"

"చెప్పేది ఏంది? గోడకే పెట్టినాడు. నీ పేరుకాడ ఇంటూ కొట్టినాడు. నేను చూసొచ్చినా."

"ఇంటూనా? నేను చూడలేదే. ఎందుకు?"

"ఎందుకేంది? నీకు చదువు రాదని. మీ అత్తకాడికి పో, బిడ్డను ఎత్తుకుందువు."

గట్టిగా చెబితేనే పిల్ల ఆశ వదులుకుని ఏడవకుండా పోతుందని ఆమె నమ్మకం. రత్నం ఏడవలేదు కూడా. మర్నాడు పొద్దున తండ్రి తిరుపతయ్య వెంట రైలెక్కింది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం రంగనాయకులు షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. చంకలో నోటు పుస్తకం.

"రత్నం అమ్మవు నువ్వేనా? పిల్ల బడికి రాలేదేంది? ఒంట్లో బాగలేదా?"

"మీరే గద అయివారూ ఇంటూ పెట్టినారు," అంది సుబ్బులు తలెత్తకుండా.

అతనికి అర్థం కాలేదు. పుస్తకం తెరిచి చూపించాడు. "ఇట్ల చూడమ్మా. ముప్పై నలుగురు పిల్లలు. ఏ లెక్క ఎవరికి పోయిందో రాసుకున్నా. మీ రత్నానికి అన్నీ వచ్చినాయి, భిన్నాలు తప్ప. భిన్నాలు పద్దెనిమిది మందికి పోయినాయి. సగం క్లాసుకు పైన పోయినాయంటే పిల్లలది కాదు తప్పు, నేను చెప్పిన తీరుది. ఆ పద్దెనిమిది మందిని సాయంత్రం ఉండమని, మళ్ళా మొదటినుంచి చెప్తానని ఇంటూ పెట్టుకున్నా."

"ఉండమనా?"

"ఆ. కాగితాలు మడిచి, రొట్టె తుంచి, ఇంకో తీరుగా చెప్పినా. పదిహేడు మందికి వచ్చేసినాయి. నీ బిడ్డ ఒకతే మిగిలింది."

షెడ్డులో రుద్దేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. సుబ్బులు చేతిలో పలకను మెల్లగా కింద పెట్టింది.

"ఇప్పుడు తోలుకొస్తే చేర్చుకుంటారా అయివారూ?"

"హాఫియర్లీ లోపల తోలుకరా. హెడ్ మాస్టరుకు నేను చెప్తా."

మర్నాడే గిద్దలూరు బండెక్కింది సుబ్బులు. రామతులసి మొదట మొహం ముడుచుకుంది, తర్వాత మెత్తబడింది.

"నేనెవరిని వదినా ఆపేదానికి? తోలుకపో. నా తిప్పలు నేను పడతా."

రత్నం పెరట్లో పసిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. ఎందరో బిడ్డలకు నీళ్ళు పోసిన పెద్దదానిలా అరచెయ్యి అడ్డం పెట్టి, కంట్లో నీళ్ళు పడకుండా పోస్తోంది. సుబ్బులు పక్కన కూర్చుని అయివారు చెప్పినదంతా చెప్పింది. రత్నం నీళ్ళు పోయడం ఆపలేదు.

"అయితే అయివారు నాకు రాదని అనలేదా?"

"అనలేదమ్మా."

"మరి నువ్వంటివి గదా."

"నాకు తెలవక అన్నా తల్లీ."

"అయివారిని అడగలేదా?"

"లేదు."

"గుమ్మంకాడిదాకా వచ్చినావు. గిన్నె పెట్టిపోయినావు. అడగొచ్చు గదమ్మా."

సుబ్బులు పొడిగుడ్డ అందించింది. రత్నం పసిదాన్ని గుడ్డలో చుట్టి భుజాన వేసుకుని వీపు నిమిరింది.

"నాకు రాదులే. అందరికీ వచ్చేసినాయంటివి. ఇప్పుడు పోతే నేనొకతే ఏమీ తెలవనట్టు కూసోవాల. ఈ పని నాకు వచ్చు."

ఎంత బతిమాలినా పిల్ల కదల్లేదు. పిల్లకు కోపం ఉంటే కొట్టో తిట్టో లాక్కుపోయేది. కోపం లేదు. పెద్దమనిషిలా నెమ్మదిగా మాట్లాడుతోంది. పదకొండేళ్ళ పిల్ల అలా మాట్లాడుతుంటే చెయ్యి పట్టుకుని లాగడానికి సుబ్బులుకు ధైర్యం చాలలేదు.

మధ్యాహ్నం బండికి రత్నమే పసిదాన్ని చంకనెత్తుకుని స్టేషనుదాకా వచ్చింది. రైలు వచ్చి ఆగింది. సుబ్బులు రైలుపెట్టె కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"రత్నా, ఈ ఒక్కసారి నా మాట విని రాకూడదా?"

రత్నం పసిదాన్ని ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

"బండి కదుల్తాంది. ఎక్కమ్మా," అంది.