అడవి దాటించిన నోరు

తెత్త నోరు తెరిస్తే పక్క ఊరి కుక్కలు కూడా మొరగడం ఆపి వింటాయని హ్విచ్చె తెగ పల్లెల్లో చెప్పుకునేవాళ్ళు. ఆమె మొగుడు దుద్ద ఆ మాటకి నవ్వి ఊరుకునేవాడు. ఆ ఇంట్లో మాట్లాడే పని ఆమెది, వినే పని అతనిది. ఈ పంపకం మీద ఇద్దరికీ ఏనాడూ తగువు రాలేదు.

ఓక్ కాయలు రాలే కాలం అది. పందుల్ని అడవిలో మేపుతూ, వానలో వాటి వెంట అరిచి అరిచి దుద్ద గొంతు పోగొట్టుకున్నాడు. వాటిని పిలిచే కొమ్ము బూరాని ఆ పందులే తొక్కి పగలగొట్టాయి. సరిగ్గా అప్పుడే అడవి అవతలి నుంచి కబురొచ్చింది. తెత్త తమ్ముడు హెమ్మ మీద ఎద్దు దొంగతనం మోపారు. అతను నిజాయితీపరుడని శిలువ మీద చేయి వేసి చెప్పడానికి సాక్షులు కావాలి. ఇంకొక్క మగవాడు తక్కువయ్యాడు. మర్నాడు పొద్దు వాలేలోగా ఆ ఒక్కడూ రాకపోతే హెమ్మని బానిసగా అమ్మేస్తారు.

అక్కడికి చేరడమంటే మాటలు కాదు. అడవికి ఇవతల మెర్సియా రాజు, అవతల వెసెక్స్ రాజు. నడుమ నలిగేది హ్విచ్చె వాళ్ళు. ఎవరు గెలిచినా పోయేది మన పందే అని వాళ్ళు రాజుల సంగతి పట్టించుకోవడం మానేశారు గానీ, రాజుల మనుషులు అడవిని పట్టించుకోవడం మానలేదు. దారి విడిచి నడిచే పరాయివాడు కేకలేస్తూ గానీ కొమ్ము ఊదుతూ గానీ పోవాలి. చడీచప్పుడు లేకుండా వచ్చాడా, వాడు దొంగే. పొడిచి చంపినా అడిగే నాథుడుండడు. పెద్ద దారేమో వరదలో మునిగింది.

"నీకు మిగిలిన ఆ పిసరంత గొంతు అడవిలో ఖర్చు పెట్టావంటే ఊరుకోను" అంది తెత్త, వెన్న కుండకి గుడ్డ కడుతూ. "ప్రమాణంలో ఒక్క మాట తడబడినా మొత్తం చెల్లదంట. దాచుకో. అడవికి నా గొంతు చాల్లే."

పక్కింటి తిల్ల గుమ్మంలోంచి నవ్వాడు. "నోరుంటే తల కాస్తుందంటారు. నీ అదృష్టం చూడరా దుద్దా, నోరు ఆవిడది, కాసేది నీ తల."

పొద్దున్నే బయల్దేరారు. చెట్ల కిందికి అడుగు పెట్టగానే తెత్త అందుకుంది. కారే ఇంటికప్పుతో మొదలుపెట్టి, అతని చిరిగిన చొక్కా మీదుగా, పెళ్ళినాడు బీరు తాగి అత్తగారి ఒళ్ళో పడి నిద్రపోయిన ముచ్చట దాకా వచ్చింది. దుద్ద వెనకే నడిచాడు. ఆ తిట్లన్నీ అతనికి వరసతో సహా తెలుసు. వింటుంటే సొంత ఇంట్లో, పొయ్యి పక్కన కూర్చున్నట్టే ఉంది.

లోయలోకి దిగాక మాట తమ్ముడి మీదికి మళ్ళింది.

"వాడికి ఎద్దంటేనే భయమయ్యా. చిన్నప్పుడు ఎద్దు కనబడితే చాలు, నా వెనక దాక్కునేవాడు. అలాంటివాణ్ణి పట్టుకుని..."

అంతే, ఆగిపోయింది. వెన్న కుండని గుండెకి హత్తుకుని, ఏడుపు దిగమింగుకుంటూ నడిచింది. అడవంతా నిశ్శబ్దమైపోయింది. దుద్దకి ఆమె మీద జాలీ, ఆ నిశ్శబ్దానికి భయమూ ఒకేసారి కలిగాయి. కుడిపక్క పొదల్లో కొమ్మ విరిగింది. ఆకుల సందులో ఈటె మొన మెరిసింది.

"ఎవరో గుట్టుగా పోతున్నారు" అంది ఒక గొంతు.

అరుద్దామా అనుకున్నాడు. అరిస్తే తల దక్కుతుంది, బావమరిది పోతాడు. దుద్ద గబగబా రెండడుగులు ముందుకేసి, బరువు అందుకుంటున్నట్టుగా తెత్త చేతుల్లోంచి కుండ తీసుకుని, కింద ఉన్న రాతి మీద కావాలనే వదిలేశాడు.

తెత్త ఒకసారి పగిలిన కుండని చూసింది, ఒకసారి మొగుణ్ణి చూసింది.

"నీ చేతులు పడిపోను! ఎనిమిది ఆవుల ఇంట్లో పుట్టినదాన్ని, వెన్న కుండ పట్టుకోవడం రానివాడికి కట్టబెట్టారు నన్ను! పందుల్ని కాసి కాసి వాటి బుద్ధే వచ్చింది నీకు..."

ఈటెలు పట్టుకున్న మనుషులు పొదల్లోంచి బయటికొచ్చారు. వాళ్ళలో నెరిసిన గడ్డంవాడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఆపు తల్లీ, నీకు పుణ్యముంటుంది. దొంగలకి కాస్తయినా తెలివుంటుంది. నిన్ను వెంటేసుకుని దొంగతనానికి రారు."

"నువ్వే చెప్పన్నా, ఇది నా తమ్ముడి కోసం తెచ్చిన వెన్న" అని తెత్త అతనికి కూడా మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. వినలేక కాబోలు, వాళ్ళే ముందు నడిచి ఊరి పొలిమేర చూపించారు.

పొద్దు వాలకముందే దుద్ద శిలువ మీద చేయి వేశాడు. కందెన లేని బండి ఇరుసులా ఉంది గొంతు. అయినా ఒక్క మాట తడబడలేదు. చివరి మాటతో పాటే గొంతూ పూర్తిగా పోయింది. నింద తొలగిన హెమ్మ అక్కని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు హెమ్మ ఇచ్చిన కొత్త కొమ్ము బూరా మెడలో వేసుకుని తిరుగుదారి పట్టారు. లోయలో ఆ రాయి దగ్గర తెత్త నిలబడిపోయింది. రాతి మీద వెన్న మరక చుట్టూ చీమలు పట్టాయి.

"ఏమయ్యా, కుండ నీ చేయి జారలేదు కదూ?"

లేదని తలూపాడు.

"నేను నోరు మూశాననేగా?"

అవునన్నాడు, తలతోనే.

తెత్త మెల్లగా అంది. "నేను నోరు మూసుకుంటే బాగుండునని మొక్కుకున్నవాళ్ళనే చూశానయ్యా ఇంతకాలం." కళ్ళు తుడుచుకుని కొమ్ముకేసి చూపించింది. "సరేలే, ఇప్పుడు అది ఉందిగా. ఊదుకుంటూ నడు. నా నోటికీ కాస్త విశ్రాంతి."

దుద్ద కొమ్ముని మెడలోంచి తీసి సంచిలో అడుగున పెట్టాడు. పెట్టి, చిరిగిన చొక్కా చేతిని ఆమె ముఖం ముందు ఆడించాడు.

తెత్త ఫక్కున నవ్వి, ఇంటికప్పు దగ్గర్నుంచి మొదలుపెట్టింది.