వరసలో ఆరో బిందె

నేను ఒక చిల్లు బిందెను. నీళ్లు మోయడం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా పని నిలబడటం. అదీ నా కోసం కాదు, ఒక మనిషి బదులు. ఆ మనిషి పోయి రెండేళ్లయినా వరసలోంచి నన్ను ఎవరూ తియ్యలేదు.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. గుండ్రటి సత్తు రేకును తిరిగే అచ్చుకు బిగించి, కర్రతో అదిమి బిందెను చేశారు. పది నిమిషాల పని. మనుషులకైతే తొమ్మిది నెలలు పడుతుందని తర్వాత విన్నాను. అంత సేపు చేసినా వాళ్లకూ చిల్లులు పడుతూనే ఉన్నాయి.

సంతలో నన్ను బోర్లించి, అటూ ఇటూ తిప్పి చూసి కొన్నది అసిరమ్మ. కొబ్బరి పీచుతో తాళ్లు పేనేది. ఆమె అరచేతులు ఎంత గరుకంటే, పట్టుకున్న చోటల్లా నా ఒంటి మీద సన్నని గీతలు పడేవి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇంట్లో ఆమె మాట్లాడేది నాతో, పొయ్యితో, ఒక కోడితో.

మాది రాష్ట్రానికి ఉత్తరపు కొస. రైలు ఇంకో గంట పోతే స్టేషను బోర్డుల మీద అక్షరాలే మారిపోతాయట. చిన్న ఊరు. మునిసిపాలిటీ అయ్యాక స్వాగతద్వారం కట్టారు. గడియారస్తంభం కట్టారు. పార్కులో రంగుల దీపాలతో ఫౌంటెన్ పెట్టారు. మా వీధి కొళాయికి మాత్రం మూడు రోజులకోసారి, పొద్దున ఆరింటికి, నలభై నిమిషాల పాటు నీళ్లు వస్తాయి. వంతుకి మూడు బిందెలు. ఇరవై వంతులు అయ్యేసరికి కొళాయి గుర్రుమని గాలి వదులుతుంది. పక్కనే బోరు ఉంది గాని, ఆ నీళ్లు పచ్చగా, ఉప్పగా ఉంటాయి.

అందుకని ముందురోజు సాయంత్రమే వరస కడతారు. మనుషులు కాదు, వస్తువులు. పగిలిన బకెట్టు, ఇటుక, తెగిన చెప్పు, మూత లేని డబ్బా. ఎవరి వస్తువు ఎక్కడుంటే అది వాళ్ల చోటు. నాకు అడుగున చిల్లు పడింది. రెండుసార్లు మాటు వేయించినా నిలవలేదు. అప్పుడు అసిరమ్మ నన్ను పారేయకుండా ఈ ఉద్యోగంలో పెట్టింది. నాది ఆరో చోటు. వస్తువులం నోరు మెదపకుండా తిన్నగా నిలబడతాం. తోపులాటంతా పొద్దున మనుషులు వచ్చాకే.

ఒకసారి మెడలో కార్డులు వేసుకుని ఇద్దరు సర్వేకి వచ్చారు. ఈ ఊళ్లో బతుకు బాగుందా, పరవాలేదా, బాగోలేదా, మూడింట్లో ఒకటి చెప్పమన్నారు. వరసకు పెద్ద తవుడమ్మ. కొళాయి తిప్పేదీ, వంతులు పిలిచేదీ ఆమే.

"ఒక్కదానికి మూడు జవాబులేటి బాబూ? నీళ్లొచ్చిన రోజొకటి, రానిరోజొకటి. రాసుకో" అంది.

వాళ్లు 'పరవాలేదు' అని రాసుకుని వెళ్లారు.

రెండేళ్ల కిందట ఒక నీళ్ల రోజున అసిరమ్మ చీకటి విడకుండానే వచ్చి, గోడకు జారగిలబడి కూర్చుని, నా మెడ మీద చెయ్యి వేసుకుంది. ఆరింటికి కొళాయి దగ్గింది. అయిదు వంతులు అయ్యాయి.

"అసిరప్పా, లెగు. నీ వంతు."

పిలిచింది తవుడమ్మ. మా వైపు అక్కను అప్ప అంటారు. అసిరమ్మ లేవలేదు.

"కూకునే నిద్దరోతంది సూడండే" అని ఎవరో నవ్వారు.

తవుడమ్మ వచ్చి భుజం కుదిపింది. అసిరమ్మ తల పక్కకు వాలింది. తవుడమ్మ ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. "ఎలిపోనట్టున్నాదే" అంది. ఆ వెనక కొళాయి ధారగా నేల మీదికి పోతోంది.

"అప్పా, నీళ్లు పోతన్నాయి" అంది ఏడో వంతు మనిషి.

తవుడమ్మ ఒకసారి అసిరమ్మను చూసింది, ఒకసారి కొళాయిని చూసింది. "ముందు పట్టీయండే. అయిపోనాక ఎత్తుదుము" అంది.

ఏడో వంతు పట్టారు, ఎనిమిదో వంతు పట్టారు. అంత నిశ్శబ్దంగా ఆ కొళాయి దగ్గర నీళ్లు పట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఇరవయ్యో వంతు అయి గాలి వచ్చాకే ఏడుపు మొదలైంది. ఆ ఏడుపు మాత్రం నిజమైనదే.

పదకొండో రోజు దాటాక వచ్చిన నీళ్ల రోజున నన్ను ఎవరు తెచ్చి ఆరో చోటులో పెట్టారో తెలియదు. ఎవరూ అడగలేదు. అయిదో వంతు అవగానే తవుడమ్మ అసిరమ్మను పేరు పెట్టి పిలిచింది, ఒక క్షణం ఆగింది, నన్ను కొళాయి కింద పట్టింది. నిండినంత నిండి, కారిపోయింది. మూడుసార్లు అలా పట్టింది. వరసంతా తలలు వంచుకుని నిలబడింది. అప్పటినుంచి ప్రతి నీళ్ల రోజూ అంతే. నీళ్లంటే కొట్టుకునే ఆడవాళ్లు ఆ మూడు బిందెలు మట్టిలో కలుస్తుంటే ఒక్క మాట అనరు.

ఈ ఏడు మాఘంలో దమయంతి మా వీధిలో అద్దెకు దిగింది. ఆమె భర్త తాపీమేస్త్రి. కాళ్లు వాచి పని మానేశాడు. బోరు నీళ్లు ముట్టనివ్వద్దని, కొళాయి నీళ్లే కాచి ఇమ్మని డాక్టరు చెప్పాడట. ఆమె విరిగిన స్టూలు వరసలో ఇరవై ఒకటోది. మూడు నీళ్ల రోజులు ఆమె చోటు దగ్గరికి వచ్చింది గాలే. బతిమాలితే ఎవరో ఒకరు ఒక చెంబుడు పోశారు. మూడు రోజులకు అది ఏ మూలకి? మిగతాదంతా బోరు నీళ్లే తాగాడు. వాపు మోకాళ్ల దాకా ఎక్కింది. నాలుగోసారి ఆమె నన్ను చూసింది.

"ఆ సిల్లుబిందె ఎవులుదప్పా?"

"అసిరప్పది" అంది తవుడమ్మ.

"ఆవిడేది?"

"సచ్చిపోనాది."

"ఒలమ్మా! సచ్చిపోనావిడికి మూడు బిందిలు, బతికున్న నా పెనివిటికి సెంబుడా? బాగున్నాదమ్మా మీ నేయం!"

"నోర్ముయ్యే. నిన్న గాక మొన్నొచ్చినావు, నీకేటి తెలుసు? ఆ వంతు ముట్టుకుంటే కాళ్లు పడిపోతాయి."

"మా ఇంట్లో కాళ్లు ఎప్పుడో పడిపోనాయప్పా. నాకింకేటి బయం?"

వరసలో ఒకామె నవ్వబోయి కొంగు అడ్డం పెట్టుకుంది. తవుడమ్మ నవ్వలేదు.

తర్వాతి నీళ్ల రోజున అయిదో వంతు అయింది. తవుడమ్మ పిలిచింది, ఆగింది, నన్ను ఎత్తి కొళాయి కింద పట్టింది. దమయంతి వెనకనుంచి వచ్చింది. నన్ను ముట్టుకోలేదు, ఎవరినీ తొయ్యలేదు. తన స్టీలు బిందె తెచ్చి నా చిల్లు కింద పెట్టింది.

"ఏటే అది?"

"ఆవిడ వంతు ఆవిడకే పొయ్యండప్పా. ఆవిడ తాగీసి వొదిలీసింది నాను పట్టుకుంటన్నాను."

తవుడమ్మ నన్ను లాగెయ్యవచ్చు. కొళాయి కట్టెయ్యవచ్చు. రెండూ చెయ్యలేదు. నా అంచు కొళాయికి తగిలి టకటకమంది. రెండేళ్లుగా మట్టిలోకి పోయిన నీళ్లు మొదటిసారి బిందెలో పడి చప్పుడు చేశాయి.

"కుడి పక్కకి జరపవే. బయటికి పోతంది" అంది తవుడమ్మ.

మూడు బిందెలూ నిండాయి. ఎవరి చుక్కా తగ్గలేదు. దమయంతి ఒకటి తల మీద, ఒకటి చంకన పెట్టుకుని వెళ్లి, మూడోదానికి మళ్లీ వచ్చింది. ఇప్పుడు ప్రతి నీళ్ల రోజూ అలాగే పడుతోంది. భర్త వాపు మోకాళ్ల నుంచి దిగిందట. పాదాల దగ్గర ఇంకా ఉందట.

ఆ మొదటి రోజున గాలి వచ్చి అందరూ వెళ్లిపోయాక తవుడమ్మ ఒక్కతే మిగిలింది. నన్ను ఒళ్లో పెట్టుకుని గోడ దగ్గర కూర్చుంది.

"అప్పా" అంది మెల్లగా. "ఆ రోజు నాను సూసేతలికి నువ్వు ఎలిపోనావా? ఇంకా ఉన్నావా? పెద్దాసుపత్రికి ఎత్తుకెల్లుంటే…"

నాకు తెలుసు. ఆ రోజు అసిరమ్మ చెయ్యి పదకొండో వంతు దాకా నా మెడను పట్టుకునే ఉంది. వెచ్చగా ఉంది. ఒకసారి నన్ను కొళాయి వైపు లాగింది కూడా. పన్నెండో వంతు మనిషి బిందె పెడుతుండగా వదిలేసింది.

తవుడమ్మ నా నోటికి చెవి ఆనించి చాలాసేపు కూర్చుంది. లోపల తడి తప్ప ఏమీ లేదు. నన్ను మాటలు రాకుండా చేసిన వాళ్లకు ఆ పూట మనసులో దండం పెట్టుకున్నాను.