గింజ జారని బుట్ట

కర్నూలు రాజధాని అయిన ఏడు, గుడారాల పక్కన బంగళాలు లేచాయి, వాటిలోకి కరెంటు దీపాలొచ్చాయి. ఆ దీపాలకు టోపీలు కావాలట, చూడండి సోకు! బేతంచెర్లకు నాపరాళ్ల కోసం వచ్చిన మేస్త్రీ దేవేంద్రప్ప, గనిలో రాళ్లు మోసే మేదరి ఉరుకుందమ్మను పిలిచాడు.

"పాత బుట్టల బద్దలు, పెట్టెల ఇనుప పట్టీలు ఊరికే పారేస్తాండారు గదమ్మా. వాటితో దీపానికి బుట్ట అల్లియ్యి. కట్టిస్తాండే దొరకు నచ్చితే బంగళా అంతటికీ నువ్వే అల్లాల."

అంటే ఇక రాళ్లు మోయనక్కర్లేదు. ఉరుకుందమ్మ రాళ్ల బరువు ఒత్తకుండా నెత్తిమీద పెట్టుకునే బట్టచుట్ట తీసి ఇంటి చూరులో దోపేసింది.

అల్లి తెస్తే దేవేంద్రప్ప లోపల లాంతరు పెట్టి చూశాడు. అంతా చీకటి.

"వెలుతురు యాడుందమ్మా? సందులు పెట్టు. రేపటి లారీలో పంపకుంటే మదరాసు నుంచి గాజువి తెప్పిస్తారంట."

సందులట! కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్త గిడ్డమ్మ ఆమె అల్లిన బుట్టలో కొర్రలు పోసి ఊపేది. ఒక్క గింజ జారినా మొత్తం విప్పించేది. అలా అలవాటు పడ్డ చేతులు ఇప్పుడు మాట వింటాయా? కాస్త ఏమరితే చాలు, బద్దలను దగ్గరికి నొక్కేస్తాయి. విప్పింది, అల్లింది, మళ్లీ విప్పింది. "ఈ చేతులకు మన్నుబడ!" అని ఏడ్చినంత పని చేసింది. పొద్దుగూకే వేళకు ఎట్లాగో కుదిరింది. బుడ్డిదీపం పెడితే గోడంతా వెలుతురు చుక్కలు పడ్డాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

చూపు పోయిన గిడ్డమ్మ ఆ బుట్టను తడిమింది. వేలు సందులోంచి అవతలికి పోయింది.

తెల్లారి ఉరుకుందమ్మ నీళ్లకు పోయి వచ్చేసరికి, అత్త ఒళ్లో బుట్ట పెట్టుకుని కూర్చుని ఉంది. చూపు లేనిదానికి రాత్రయితేనేం, పగలయితేనేం? రాత్రికి రాత్రే బుట్టంతా విప్పి మళ్లీ బిగించి అల్లేసింది.

"శానా సందులుండాయి లేమ్మే. కర్నూలోళ్లు నిన్ను నవ్వుతారని సరిజేసినా. కొర్రలు పోసి చూసుకో."

"నా కొంప ముంచితివి గదత్తా!" అన్న మాట నోటిదాకా వచ్చింది. అత్త వేళ్లు చూసింది. ఇనుప పట్టీలు కోసి నెత్తురు కారుతోంది.

బయట లారీ హారన్ మోగింది.

"బాగుండాదా?" అంది గిడ్డమ్మ.

"బాగుండాదత్తా. ఒక్క గింజ జారదు," అంటూ ఉరుకుందమ్మ చూరులోంచి బట్టచుట్ట లాక్కుంది.