పేరు కొట్టించని సద్ది డబ్బా

నేను ఒక సద్ది డబ్బాను. స్టీలుదాన్ని. జానెడు ఎత్తు, బిగుతు మూత, పట్టుకోవడానికి పైన ఒక పిడి. అన్నమూ పప్పూ పెట్టుకుని మనుషుల వెంట పనికి పోవడానికి పుట్టినదాన్ని. నా మీద చాలా ఏళ్లు ఎవరి పేరూ లేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నాకూ నన్ను నమ్ముకున్నవాళ్లకూ జరిగిన అన్యాయమంతా అక్కడే మొదలైంది.

పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. రేకుగా మిషను కింద పడుకుని, గట్టి దెబ్బ ఒకటి తిని, గుండ్రంగా లేచాను. లారీ ఎక్కి గోదావరిఖనిలో ఒక గిన్నెల దుకాణానికి చేరి, రెండేళ్లు తాడుకు వేలాడాను. నా పక్కన వేలాడినవన్నీ ఒక్కొక్కటే కొనుగోలై వెళ్లిపోయాయి. వెళ్లేముందు ప్రతి డబ్బా గడప దగ్గర కూర్చున్న రాజలింగు ముందు ఆగేది. ఆయన నలభై ఏళ్లుగా ఆ దుకాణంలో గిన్నెల మీద పేర్లు కొట్టే ముసలాయన. చేతిలో గీరుమని చప్పుడు చేసే కరెంటు పుల్ల. ఇది బొగ్గు బాయిల్లోకి, అంటే గనుల్లోకి పనికి పోయే ఊరు. వందమంది సద్దులు ఒకచోట చేరితే ఏది ఎవరిదో తెలిసేది పేరును బట్టే. పేరుంటే డబ్బా ఎక్కడ మరిచిపోయినా ఇంటికి తిరిగొస్తుంది. నేనూ ఎదురు చూశాను. ఎవరి పేరైనా సరే, కాస్త చోటిద్దామని పక్కలన్నీ నున్నగా ఉంచుకున్నాను.

చివరికి నన్ను కొన్నది జితేందర్. ముప్పై ఒక్క ఏళ్లవాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. రాజలింగు ముందు నన్ను బోర్లించి, జేబులోంచి చీటీ తీశాడు. అందులో ఇరవై నాలుగు ఇంగ్లీషు మాటలు.

రాజలింగుకు ఇంగ్లీషు రాదు. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు చూసి గీస్తాడు. "ఎవలియి బిడ్డా గిన్ని పేర్లు?" అన్నాడు.

"మా ఇంటోళ్లయి."

"ఇరవై నలుగురా! అబ్బో, అదృష్టవంతునివి. పక్కకు కొడుత, అందరికి కనవడతది."

"వద్దు, అడుగున కొట్టు. సన్నగ కొట్టు. ఎవలికీ కనవడొద్దు."

"సన్నగ కొడితె తోముడుకు పోతది బిడ్డా."

"దాన్ని తోమేటోళ్లెవలు లేరు తాత."

"మరి నీ పేరు?"

"నా పేరొద్దు."

రాజలింగు నా వైపు జాలిగా చూశాడు. నిజంగానే చూశాడు. నలభై ఏళ్లలో ఆయన పేరు లేకుండా పంపిన డబ్బాను నేనొక్కదాన్నేనేమో.

ఆ మాటలేమిటో మీకు చెప్పాలి. జితేందర్ పని ఫోన్లో ఒక కాయిన్ అమ్మడం. చేతికి దొరకని, కంటికి కనిపించని కాయిన్. దానికో దేవత పేరు పెట్టాడు. ఆ తల్లికి తెలిస్తే ముక్కున వేలేసుకునేది. గంటకింత అని కిరాయికి తెచ్చిన కారు ముందు నిలబడి ఫొటోలు దిగి, మూడు నెలల్లో రెండింతలని చెప్పి, వేలమంది కష్టార్జితం లాగేశాడు. ఆ డబ్బును బ్యాంకులకూ పోలీసులకూ అందనిచోట, అసలు సిసలు క్రిప్టో కాయిన్లుగా మార్చి దాచాడు. ఆ చోటికి తాళంచెవి ఈ ఇరవై నాలుగు మాటలే. అవి వరసగా ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్లది. నాలుగు మాటలు పోయినా తాళం తెరుచుకోదు. డబ్బు ఎక్కడికీ పోదు, కానీ ఎవరికీ రాదు.

కాగితమైతే చిరుగుతుంది, ఫోనైతే పోలీసులు పట్టుకుంటారు, మనిషైతే మోసం చేస్తాడు అని ఆయన లెక్క. వేలమంది చెవిలో పువ్వులు పెట్టినవాడికి తన కోసం నమ్ముకోదగ్గ మనిషి ఒక్కడూ దొరకలేదు. అందుకని నన్ను నమ్మి, చీటీ కాల్చేశాడు.

రెండు గదుల కిరాయి ఇల్లు. నన్ను అటక మీద పెట్టాడు. పగలంతా ఫోన్లలో ఒకసారి సురేశ్ సార్, ఒకసారి మేనేజర్ సార్, ఒకసారి ఎవరో మేడమ్ అయ్యి గలగలా మాట్లాడేవాడు. ఫోను పెట్టేశాక గోడకేసి కూర్చునేవాడు. అంత డబ్బుండీ చాప మీద పడుకునేవాడు, ఖర్చు పెడితే పదిమంది కళ్లలో పడతానని భయం. పొద్దుగూకేవేళ నన్ను దించి, అడుగున బొటనవేలితో తడిమి, మళ్లీ పైన పెట్టేవాడు. నాలో ఒక్క మెతుకు వేసిన పాపాన పోలేదు. ఖాళీగా కూర్చున్న సద్ది డబ్బా బాధ మీకు చెప్పినా అర్థం కాదు లెండి.

ఆ ఇంటి తలుపు తట్టే మనిషి ఒకరే ఉండేది. ఓదమ్మ. యాభై అయిదేళ్లు ఉంటాయి. భర్త పోయాక బస్టాండు వెనక ఒక రేకుల షెడ్డులో బొగ్గు పొయ్యిల మీద వండి, ఒంటరిగా ఉండే మగవాళ్లకు మధ్యాహ్నం సద్దులు కట్టి అందిస్తుంది. నలభై డబ్బాలు, నలభై పేర్లు. జితేందర్‌కు సద్ది అందించి, నిన్నటి ఖాళీ డబ్బా తీసుకుని, "నిన్న చారు తాగలే. ఎందుకు?" అని అడిగేది. ఆ మనిషిని రోజంతటిలో నిజం పేరుతో పిలిచేది ఆమె ఒక్కతే.

ఒకరోజు ఆమె కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు. కొంగులోంచి ఫోను తీసింది.

"జితేందరూ, సదువుకున్నోనివి, జర సూడు బిడ్డా. షెడ్డు అమ్ముతుండట దాని ఓనరు. నువ్వే కొనుక్కో ఓదమ్మా, దసరకు బయాన ఇయ్యి అన్నడు. నా దగ్గర నాలుగు లచ్చలుండె, చాలకపాయె. ఎవలో చెప్తె ఈ కాయిన్ల పెట్టిన. రెండింతలైతది, షెడ్డు మొత్తం నాదే అయితది అనుకున్న. ఇప్పుడు తెరుసుకుంటనే లేదు."

ఓయమ్మో! ఇల్లు దోచినవాడి దగ్గరికే వచ్చి తాళం చూడమంటోంది. నేను అటక మీదినుంచి నెత్తీ నోరూ బాదుకున్నాను, నాకు నోరుంటే కదా. జితేందర్ ఫోను అందుకున్నాడు. తన దేవత బొమ్మ తనకే కనిపించింది. ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"సర్వర్ ప్రాబ్లం పెద్దమ్మా. అస్తయి," అన్నాడు.

"అస్తయా?"

"అస్తయి."

"నీ నోట్ల చక్కెర పొయ్య," అని ఆమె తేలిగ్గా లేచి వెళ్లిపోయింది. ఆ పూట ఆయన సద్ది ముట్టలేదు. నన్ను దించి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె నాలుగు లక్షలు ఆమెకిచ్చేయడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ ఎక్కడివని అడిగితే? మళ్లీ ఈ తలుపు ఎవరు తడతారు? రేపు చూద్దామనుకుని నన్ను పైన పెట్టాడు. మనుషుల రేపుల సంగతి మీకు నేను చెప్పాలా!

మూడో రోజున ఈ కాయిన్ల మోసంలో వాటాదారు ఒకడు హైదరాబాదులో పట్టుబడ్డాడని కబురొచ్చింది. జితేందర్ వెంటనే రెండు ఫోన్లూ లాప్‌టాపూ పగలగొట్టి, సంచిలో కట్టి, వంతెన మీదినుంచి గోదారిలో విసిరేసి వచ్చాడు. ఏ ఆధారమూ లేదని సంబరపడ్డాడు. వెర్రివాడు! ఇక లోకంలో ఆ డబ్బుకు దారి నా అడుగొక్కటే.

ఆ దిగులుకో దోమలకో, మర్నాటికి జ్వరం పట్టుకుంది. మధ్యాహ్నం ఓదమ్మ వచ్చేసరికి వణుకుతూ మాట తడబడుతున్నాడు. ఆమె ఆటో పిలిచింది. పొయ్యి మీద ఇంత జావ కాచి, పోసుకుపోవడానికి గిన్నె వెతికింది. ఆయనకు తెచ్చిన డబ్బాలో అన్నం ఉంది, నిన్నటి సద్ది ముట్టకుండా అలాగే ఉంది, తన సంచిలో మిగతా డబ్బాలన్నిటి మీదా వేరేవాళ్ల పేర్లు. తలెత్తి నన్ను చూసింది.

"అది వద్దు పెద్దమ్మా," అన్నాడు జితేందర్.

"వద్దంటె ఎట్ల? జావ తాగకుంటె లేస్తవా?"

అలా నాలో మొదటిసారి తిండి పడింది. వెచ్చగా, కాస్త ఉప్పగా. నేను దేనికి పుట్టానో అప్పుడు తెలిసింది.

మూడు రోజులు పెద్దాసుపత్రిలో మంచం పక్కన ఉన్నాను. ఓదమ్మ సద్దులు పంచేసి వచ్చి జావ తాగించేది. ఆయన నన్ను చంకలో పెట్టుకుని నిద్రపోయేవాడు. నర్సులు నవ్వేవాళ్లు. మూడోరోజు జ్వరం దిగింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మా, నీ పైసలు..." అన్నాడు.

"పైసల ముచ్చట తర్వాత. ముందుగాల తాగు."

అంతలో ఇద్దరు మామూలు బట్టల్లో వచ్చి మంచం దగ్గర నిలబడ్డారు. పోలీసులు. లే అన్నారు. ఆయన లేస్తూ, "నా డబ్బా," అన్నాడు.

"అక్కడ పళ్లెం ఇస్తరు నడువ్," అన్నాడు ఒకాయన.

రెండో ఆయన ఓదమ్మను చూసి, "నీకేమైతడమ్మా వీడు? వీడు కాయిన్ పేరు మీద ఎంతమందిని ముంచిండో ఎరుకేనా?" అని దేవత పేరు చెప్పాడు. ఆమె మంచం మీద దుప్పటి మడతపెట్టింది. నన్ను పట్టుకుని నడిచే ఇంటికి వచ్చింది, ఆటో కూడా ఎక్కలేదు.

ఆ సాయంత్రం ఇటుక పొడి తెచ్చి నన్ను తోమింది. ఎంతసేపు తోమిందో! లోపల జావ మరక ఎప్పుడో పోయింది. ఆమె మాత్రం ఆపలేదు. కళ్లనిండా నీళ్లు, ముక్కు తుడుచుకోవడం, మళ్లీ తోమడం. ఆ కోపమంతా నా అడుగు మీద పడింది. విసిరేయబోయి ఆగింది. డబ్బా ఏం చేసింది పాపం అనుకుందేమో.

తర్వాత రెండేళ్లు పనిచేశాను. పేరు లేనిదాన్ని కాబట్టి, డబ్బా లేని కొత్తవాళ్లెవరొచ్చినా నన్నే పంపేది. మిగతా వేళల్లో పొయ్యి మీద పులుసు కాచేదాన్ని. అడుగంతా మసి పట్టేది, రోజూ ఇటుక పొడి పడేది. పోలీసులు ఆ డబ్బు కోసం ఎక్కడెక్కడో వెతికారట. సద్ది డబ్బాను బోర్లించి చూడాలని ఎవరికి తోస్తుంది? ఒక్కొక్క మాటా నామీదినుంచి జారిపోతుంటే నాకు తెలుస్తూనే ఉంది. చూస్తూ ఊరుకోవడం తప్ప చేయగలిగిందేముంది?

మొదటి దసరాకు బయానా ఇవ్వలేకపోయింది. యజమాని జాలిపడి ఇంకొక ఏడాది ఆగాడు, తర్వాత షెడ్డు అమ్మేశాడు. ఓదమ్మ పొయ్యిలు ఆర్పేసి, డబ్బాలన్నీ కడిగి వరసగా పెట్టి, పేర్లు కూడబలుక్కుంటూ ఎవరివి వాళ్లకు తిరిగిచ్చేసింది. నలభై వెళ్లిపోయాయి. ఖాళీ షెడ్డులో నేనొక్కదాన్నే మిగిలాను. నన్ను తిప్పి, అడుగున మిగిలిన గీతల మీద వేలు పెట్టి రాసింది. "ఎవలో, ఏందో," అని సంచిలో వేసుకుంది.

బెయిలు మీద బయటికొచ్చిన జితేందర్ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికామె ఒక హాస్టల్లో జీతానికి వండుతోంది. వంటగది వెనక అరుగు మీద నన్ను ఎండకు ఆరబెట్టింది. మనిషి సగమైపోయాడు. ఆమెను చూడకముందే నన్ను చూశాడు.

"ఎందుకచ్చినవ్?" అంది ఓదమ్మ. "నిన్ను ఆటోల ఏసుకపోయిన. జావ తాగిపిచ్చిన. నా షెడ్డు పాయె. ఇంకేం కావాలె నీకు?"

"నీ పైసలియ్యనీకచ్చిన పెద్దమ్మా. ఆ డబ్బాల ఉన్నయి."

ఆమె నా మూత తీసి లోపలికి చూసింది. ఒకసారి చూసి, వెలుగుకు తిప్పి మళ్లీ చూసింది.

"ఏడున్నయి? ఖాళీగున్నది గద."

ఆయన నన్ను అందుకుని బోర్లించాడు. నా అడుగు అద్దంలా మెరుస్తోంది. గోటితో మాటలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. పదమూడున్నాయి. అరుగు మీద కూలబడి, ఏడుస్తూనే ఆమెకు అంతా చెప్పాడు. రాతలే తాళమనీ, అన్నీ ఉంటేనే తెరుచుకుంటుందనీ.

ఓదమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తన చేతులు రెండూ ముందుకు చాపి చూసుకుంది, ఇటుక పొడికి పగిలిన వేళ్లు.

"అంటె నా పైసలు నేనే తోమి పారబోసుకున్ననా?"

అబద్ధాలతో బతికిన ఆ మనిషి తలెత్తాడు. ఔనని ఉంటే ఆమె నమ్మేసేది.

"లేదు పెద్దమ్మా," అన్నాడు. "నేనే సన్నగ కొట్టుమన్న. తాత చెప్పిండు, పోతదని. ఇననిది నేను."

ఆమె నన్ను ఆయన చేతిలోంచి తీసుకుంది. "ఈ డబ్బా నాది. పో," అంది. ఆయన వెళ్లిపోయాడు. ఇప్పుడు కోర్టు వాయిదాలకు తిరుగుతున్నాడని విన్నాను.

మర్నాడు ఆమె నన్ను రాజలింగు ముందు పెట్టింది. "పక్కకు కొట్టు, అందరికి కనవడాలె. లోతుగ కొట్టు," అంది. ఆయన బాగానే కొట్టాడు.

ఇప్పుడు నేను హాస్టలు వంటగదిలో ఉప్పు మోస్తున్నాను. సెలవుల్లో అందరూ ఊళ్లకు పోతారు, తాళం పడుతుంది, నెలరోజులు బల్లులూ నేనూ. ఆ డబ్బు ఇంకా ఎక్కడో అలాగే ఉంది. వేలమందిది, ఎవరిదీ కానిది. దానికీ నాలాగే ఒంటరితనం ఉంటుందా అని అప్పుడప్పుడు అనుకుంటాను. మొన్న హాస్టల్లో ఉండే ఒకామె పొరపాటున నన్ను ఉప్పుతో సహా తన ఊరు పట్టుకుపోయింది. నేను కంగారుపడలేదు. నాలుగో రోజున బస్సులో తిరిగొచ్చాను. నా మీద ఓదమ్మ అని ఉంది.