అత్తగారి పన్ను, ప్రపంచ కప్పు

ఆ దేశం ఎంత చిన్నదంటే, గోల్‌కీపరు కాస్త ఒళ్ళు మరిచి తన్నాడా, బంతి వెళ్ళి సముద్రంలో పడేది. దాన్ని తెచ్చిపెట్టడానికే ఒక జాలరిని జట్టులో అదనపు ఆటగాడిగా పెట్టుకున్నారు. అతను ఏనాడూ మైదానంలో కాలు పెట్టలేదు గానీ, ఆట ముగిసేసరికి అందరికన్నా ఎక్కువ తడిసేది మాత్రం అతనే.

చిన్నదైతేనేం, ఆ దేశానికీ ఒక ఫుట్‌బాల్ సంఘం ఉంది. దానికి అధ్యక్షుడు అక్కడున్న ఒకే ఒక్క పళ్ళ డాక్టరు. కార్యదర్శి ఆయన భార్య. కోచ్ ఆయన బావమరిది. జెర్సీలు కుట్టేది అత్తగారు. "ఇది సంఘమా, సంసారమా?" అని గిట్టనివాళ్ళు మూతి విరిచేవారు. వాళ్ళని అని ఏం లాభం? సమావేశాలన్నీ వంటింట్లోనే జరిగేవి మరి. గిన్నెలు తోమడం పూర్తయ్యేలోపు తీర్మానాలు నెగ్గిపోయేవి.

ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఏటా పెట్టే మహాసభకి డాక్టరు వెళ్ళి వచ్చేవాడు. అక్కడ ఎంత పెద్ద దేశానికైనా ఒకటే ఓటు, ఈయన దేశానికీ ఒకటే. అందుకని ఎన్నికలప్పుడు పెద్ద పెద్ద దొరలు ఈయన భుజం మీద చెయ్యేసి "మన డాక్టరుగారు" అంటూ తిరిగేవారు. ఓటు డబ్బాలో పడిందా, ఆ దొరలే ఈయన్ని చూసి "బాబూ, ఇంకో గ్లాసు మంచినీళ్ళు" అనేవారు. డాక్టరు ఏమీ అనుకునేవాడు కాదు. తెచ్చి ఇచ్చేవాడు కూడా.

ఆయన మనసులో ఉన్న కోరిక ఒక్కటే. సొంత గడ్డ మీద ఒక్క ప్రపంచ కప్పు అర్హత మ్యాచి ఆడాలి. వాళ్ళ మైదానానికి సమాఖ్య గుర్తింపు లేదు కాబట్టి, "సొంత" మ్యాచులన్నీ సముద్రం దాటి పక్క దేశంలో ఆడాల్సి వచ్చేది. అత్తగారికేమో పడవ పేరు చెబితేనే కడుపులో దేవేది. ఏళ్ళ తరబడి ప్రతి ఆటగాడి వీపు మీద అంకె తన చేత్తో కుట్టిన మనిషి, ఆ జెర్సీలు పరాయి జట్టు మీద పరిగెత్తడం ఒక్కసారీ చూడలేదు. మ్యాచి అయ్యాక ఉతకడానికి వచ్చిన బట్టలు చూసి, "తొమ్మిదో నంబరు మోకాళ్ళ దగ్గర మట్టే లేదు. వీడు పరిగెత్తలేదమ్మాయ్" అని తీర్పు చెప్పేది. ఆ తీర్పు ఎన్నడూ తప్పలేదు.

ఆవిడ అల్లుడితో సూటిగా మాట్లాడేది కాదు. దానికి కారణం ఒక పన్ను. ఆయన ఈ ఇంటికి అల్లుడై వచ్చిన కొత్తలో, ఆవిడ ఏదో మాటకి పకపకా నవ్వితే, ఈయన డాక్టరు బుద్ధి ఊరుకోక, "అత్తయ్యగారూ, ఆ కుడివైపు దవడ పన్ను పుచ్చింది, పీకెయ్యాలి" అన్నాడు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఆనాటి నుంచి ఆవిడ నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. అల్లుడికి ఏం చెప్పాలన్నా కూతురి ద్వారానే. ఆయన ఎదురుగా నిలబడి ఉన్నా సరే, "అమ్మాయ్, మీ ఆయనకి చారు కావాలేమో అడుగు" అనేది.

ఇలా ఉండగా ఒకనాడు సమాఖ్య నుంచి కబురొచ్చింది: మైదానం చూడటానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, నివేదిక ఆ సాయంత్రంలోగా అందాలి, అందకపోతే వచ్చే మ్యాచి కూడా పక్క దేశంలోనే.

ఊరు ఊరంతా నడుం బిగించింది. రిఫరీ గదికి క్షౌరశాల నుంచి నిలువుటద్దం వచ్చింది. ఆటగాళ్ళ గదికి బడి నుంచి బల్లలు వచ్చాయి. వైద్య గదిలో వాలే మంచం ఉండాలని నియమం. ఉన్న ఒక్క మామూలు డాక్టరూ తన మంచం ఇవ్వనన్నాడు. మధ్యాహ్నం తను పడుకునేది దాని మీదేనట. చేసేది లేక పళ్ళ డాక్టరు తన కుర్చీనే, పటకార్లతో, దీపంతో సహా, బండి మీద మైదానానికి తోలించాడు.

ఇన్‌స్పెక్టరు దిగాడు. సన్నగా, నిటారుగా, గోల్‌స్తంభానికి కోటు తొడిగినట్టున్నాడు. పూలగుత్తి ఇవ్వబోతే రెండడుగులు వెనక్కి వేశాడు.

"కానుకలు పుచ్చుకోకూడదండీ. నియమం."

"పోనీ కాఫీ?" అంది కార్యదర్శి.

"అదీ కానుకేనమ్మా."

వాన మొదలైంది. కోచ్ గొడుగు పట్టబోయాడు. ఇన్‌స్పెక్టరు గొడుగు కిందనుంచి పక్కకి జరిగి, తడుస్తూనే గోలు వెడల్పు కొలిచాడు. బంతుల జాలరి అతని పక్కకి వచ్చి నిలబడి, "తోడు దొరికింది" అని సంబరపడ్డాడు.

కొలతలన్నీ సరిపోయాయి. అద్దం, బల్లలు చూసి ఇన్‌స్పెక్టరు కనుబొమలెత్తాడు. "ఇవన్నీ అరువు తెచ్చిన సామాన్లలా ఉన్నాయే. మ్యాచి రోజు ఇక్కడుంటాయా?"

"ఊరంతా ఆ రోజు ఇక్కడే ఉంటుంది కదండీ! ఇళ్ళ దగ్గర వీటితో పనెవరికి?" అన్నాడు డాక్టరు.

ఆ మాట ఇన్‌స్పెక్టరుకి నచ్చినట్టే ఉంది. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే మాత్రం మళ్ళీ తల అడ్డంగా ఊపి, తన సంచిలోంచి సొంత బిస్కెట్టు తీశాడు. అది ఏ కాలం నాటిదో, ఏ రాయితో చేశారో. కటుక్కుమని చప్పుడైంది. విరిగింది బిస్కెట్టు కాదు, ఇన్‌స్పెక్టరు దవడ పన్ను.

అరగంటలో బుగ్గ పూరీలా పొంగింది. డాక్టరు ప్రాణం ఊరుకోలేదు. "రండి సార్, కుర్చీ పక్క గదిలోనే ఉంది. చిటికెలో తీసేస్తాను."

"వద్దు!" ఇన్‌స్పెక్టరు బుగ్గ పట్టుకుని మూలిగాడు. "మీరు సంఘం అధ్యక్షులు. మీ చేత వైద్యం చేయించుకుంటే అది మేలు పొందినట్టు."

"ఫీజు తీసుకుంటాను లెండి."

"అమ్మో! ఇన్‌స్పెక్టరు అధ్యక్షుడికి డబ్బిచ్చాడంటారు. అది ఇంకా దారుణం."

సమాఖ్యలో నైతిక విలువల కమిటీ అని ఒకటుంది. కార్యదర్శి దానికి ఫోను చేసింది. అవతలి గొంతు ఎంతో మర్యాదగా, పన్ను విషయం కమిటీ వచ్చే సమావేశంలో చర్చకు పెడతామని, అంతవరకూ పంటిని ఉన్నచోటే ఉంచమని చెప్పింది.

కోచ్ బావగారిని పక్కకి లాగాడు. "బావా, ఇంతకంటే మంచి అదను రాదు. మైదానానికి సరే అంటేనే పన్ను పీకుతానని చెప్పు. ఇప్పుడైతే ప్రపంచ కప్పు మొత్తం ఇక్కడే పెట్టమన్నా సంతకం చేస్తాడు."

"ఛ, నోర్ముయ్. నొప్పితో ఉన్న మనిషితో బేరాలాడతావురా?"

డాక్టరు వెళ్ళి ఇన్‌స్పెక్టరు ముందు కూర్చున్నాడు. "సార్, మీ నివేదిక మీకు తోచినట్టు రాసెయ్యండి. మమ్మల్ని తప్పించినా సరే. మేము చూడం, అడగం. పంపించేశాక మీరు ఇన్‌స్పెక్టరు కాదు, నేను అధ్యక్షుణ్ణి కాదు. అప్పుడు కుర్చీలో కూర్చోండి."

ఇన్‌స్పెక్టరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికో, మాటకో తెలీదు. గబగబా రాయడం మొదలుపెట్టాడు. చివరి గడి దగ్గర కలం ఆగిపోయింది.

"వైద్య గదిలో చికిత్స జరగడం నేను కళ్ళారా చూడాలి. చూడకుండా టిక్కు పెట్టలేను. టిక్కు పెట్టందే పంపలేను. పంపందే..." అని బుగ్గ చూపించాడు.

"మీకు చేస్తే చూసినట్టే కదా?" అంది కార్యదర్శి.

"నేను నోరు తెరుచుకుని పైకప్పు చూస్తుంటే, తనిఖీ ఎవరు చేస్తారమ్మా?"

కోచ్‌కి ఉత్సాహం వచ్చింది. "నేను కింద పడి కాలు పట్టుకుని దొర్లుతాను."

"అది రోజూ టీవీలో చూస్తున్నదే. నిజమైన రోగి కావాలి."

సాయంత్రం దగ్గర పడుతోంది. డాక్టరు బయటికి పరిగెత్తి, కనపడ్డవాళ్ళనల్లా నోరు తెరవమన్నాడు. గోల్‌కీపరు తెరిచాడు, ముత్యాల వరస. రొట్టెల కొట్టాయన తెరిచాడు, పాలరాతి మెట్లు. జాలరి పళ్ళయితే ఉప్పునీళ్ళకి మరీ తళతళా మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళూ ఒక్క పుచ్చు పన్ను కూడా మిగల్చకుండా దేశం మొత్తాన్ని బాగుచేసిన మహానుభావుడు తనే. తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు.

"ఒక్కటి," అన్నాడు తనలో తను. "ఒక్క చెడ్డ పన్ను వదిలిపెట్టి ఉంటే ఏం పోయేది నాకు?"

జెర్సీల మూట పక్కన కూర్చుని ఇదంతా చూస్తున్న అత్తగారు సూది గుడ్డకి గుచ్చి, లేచి నిలబడింది.

"అమ్మాయ్, మీ ఆయనతో చెప్పు. ఒకటుంది."

ఆవిడ తిన్నగా వైద్య గదిలోకి నడిచి, పట్టాభిషేకానికి వచ్చినట్టు కుర్చీ ఎక్కి కూర్చుంది.

"అమ్మా, నిజంగానే?" అంది కూతురు.

"పరాయి దేశం వాళ్ళు పడవెక్కి ఇక్కడికి రావాలి. వాళ్ళకి కడుపులో దేవాలి. నేను ఇంటి నుంచి నడిచొచ్చి చూడాలి. మెల్లగా పీకమని చెప్పు మీ ఆయనకి."

"మీ అమ్మగారిని నోరు తెరవమని చెప్పు," అన్నాడు డాక్టరు. దేశమంతటి నోళ్ళలో చెయ్యి పెట్టినవాడు ఈ ఒక్క నోటి ముందు కొత్త పెళ్ళికొడుకులా తడబడ్డాడు. మత్తు సూది వేశాడు. ఇన్‌స్పెక్టరు ఒక చేత్తో తన బుగ్గ పట్టుకుని, రెండో చేత్తో దీపం సరిగ్గా పడేలా తిప్పి, దగ్గరికి వంగి మరీ చూశాడు.

పన్ను వచ్చింది. పళ్ళెంలో టంగుమంది. అత్తగారు కిమ్మనలేదు. ఇన్‌స్పెక్టరే ఆవిడ తరఫున కూడా "అబ్బా" అన్నాడు.

అంటూనే టిక్కు పెట్టాడు, నివేదిక పంపాడు, కోటు విప్పి అవతల పారేశాడు. ఆవిడ దిగీ దిగకముందే కుర్చీలోకి దూకాడు. "ఇప్పుడు నేనెవర్నీ కాదు. పీకండి డాక్టరుగారూ!"

ఆ సాయంత్రం అతను ఆ దేశంలో మొట్టమొదటిసారి కాఫీ తాగాడు, చల్లార్చుకుని, ఎడమ పక్క నుంచి. పడవ ఎక్కేటప్పుడు గొడుగు కూడా పుచ్చుకున్నాడు. అప్పటికి వాన వెలిసి చాలాసేపయింది.

గుర్తింపు వచ్చింది. మ్యాచి రోజు వచ్చింది. పరాయి జట్టు పడవ దిగుతుంటే వాళ్ళ మొహాలు పాలిపోయి ఉన్నాయి. అత్తగారు రేవులోనే కాపు కాసి, ఒక్కొక్కరినీ లెక్కగట్టి తృప్తిపడింది.

ఆట సంగతంటారా, పరాయివాళ్ళు ఒడ్డున పడ్డాక కోలుకుని గంపెడు గోల్సు కొట్టారు. కానీ ఆఖర్లో తొమ్మిదో నంబరు, జన్మలో లేనంత వేగంగా పరిగెత్తి, మోకాళ్ళ మీద జారి, ఒక గోలు వేశాడు. ఆ అరుపులకి సముద్రం రెండడుగులు వెనక్కి తగ్గిందని జాలరి ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. కొలిచాడట కూడా.

ముందు వరసలో అత్తగారు లేచి నిలబడి, "మట్టి అంటింది! మోకాళ్ళకి మట్టి అంటింది!" అని అరుస్తూ నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం లేదు. కుడివైపు ఖాళీ చోటుతో సహా నోరంతా తెరిచి నవ్వింది. డాక్టరు గోలు వదిలేసి ఆ నవ్వునే చూస్తున్నాడు.

అది ఆవిడ కనిపెట్టింది. పక్కనే కూతురున్నా అటు తిరగలేదు.

"అల్లుడుగారూ," అంది సూటిగా, "ఎడమవైపుది కూడా ఈమధ్య కాస్త సలుపుతోంది. ఇప్పుడే పీకేస్తారా, వచ్చే తనిఖీకి దాచమంటారా?"